ఛాంగుభళా అల్లుడు
(చిన్నపిల్లలకు నవ్వులాట నేర్పడం)

బడి వార్షికోత్సవం వస్తోంది. లేదా ఆగస్టు 15 వస్తోంది. పంతులమ్మ ఇంటికి కబురు పంపుతుంది. "మీ చిన్నవాడి చేత ఏదైనా చేయించండి" అంటుంది.

చిన్నవాడు ఒకటో తరగతి. వయసు ఆరేళ్ళు. ఇంట్లో నోరు మూయడు. బడిలో నోరు తెరవడు. వాడి చేత ఏం చేయిస్తాం అని తల్లి దిగులు పడుతుంది.

పాట పాడించవచ్చు. పద్యం చెప్పించవచ్చు. కానీ ఒక్కడే నిలబడి పాడాలంటే చాలామంది పిల్లలకు భయం. పక్కన ఇంకొకరు ఉంటే ఆ భయం సగం పోతుంది. అందుకని పిరికి పిల్లలకు ఇద్దరు కలిసి ఆడే చిన్న ఆట మంచిది. అది నవ్వించే ఆట అయితే ఇంకా మంచిది. నవ్వు వినగానే పిల్లాడికి ధైర్యం వస్తుంది.

ఇద్దరు కలిసి నవ్వించడం మన ఊళ్ళకు కొత్త కాదు. తోలుబొమ్మలాట చూసినవాళ్ళకు తెలుసు. అందులో రామాయణం, భారతం తెల్లవార్లూ నడుస్తాయి. జనానికి కునుకు పడుతుంది. అప్పుడు జుట్టుపోలిగాడు, బంగారక్క వస్తారు. కేతిగాడు కూడా వస్తాడు. ఒకరంటే ఒకరికి పడదు. వాళ్ళ తగువు చూసి జనం నిద్ర మేలుకుంటారు. (వాళ్ళ మాటలు కొన్ని మోటుగా ఉంటాయి. అవి పిల్లలకు వద్దు. పద్ధతి ఒక్కటే తీసుకోవాలి.)

బుర్రకథలోనూ అంతే. మధ్యలో కథకుడు ఉంటాడు. అటూ ఇటూ ఇద్దరు వంతలు ఉంటారు. వంతల్లో ఒకరి పని నవ్వించడం. బుర్రకథకు గొప్ప పేరు తెచ్చిన షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ ఇచ్చారు. అంత గొప్ప కథకుడికి కూడా పక్కన వంతలు ఉండాల్సిందే.

ఇంతకూ ఏ ఆట నేర్పాలి? కొత్తది రాయక్కర్లేదు. మన ఇళ్ళలో చెప్పుకునే కథ ఒకటి ఉంది. ఒక్కో ఊళ్ళో ఒక్కోలా చెప్తారు. అది కుడుముల అల్లుడి కథ.

ఒక అల్లుడు అత్తారింటికి వెళ్ళాడు. అత్తగారు కుడుములు పెట్టింది. అవి వాడికి ఎంతో నచ్చాయి. ఇంటికి వెళ్ళి పెళ్ళాం చేత చేయించుకోవాలి అనుకున్నాడు. పేరు మరిచిపోతానని దారి పొడుగునా "కుడుము, కుడుము" అనుకుంటూ నడిచాడు. దారిలో కాలవ వచ్చింది. "ఛాంగుభళా!" అని ఎగిరి దూకాడు. అంతే. కుడుము మరిచిపోయాడు. ఛాంగుభళా మిగిలింది. ఇంటికి వెళ్ళి "ఛాంగుభళా చేసి పెట్టు" అన్నాడు. ఆమెకేం తెలుసు? తెలీదంది.

ఇక్కడ పాత కథలో ఒక చెడ్డ మాట ఉంది. అల్లుడికి కోపం వచ్చి పెళ్ళాన్ని కొడతాడు. ఆమె బుగ్గ వాస్తుంది. పక్కింటావిడ వచ్చి, "అయ్యో, బుగ్గ కుడుములా పొంగిందే!" అంటుంది. "ఆ! అదే! కుడుము!" అని వాడు గంతులేస్తాడు. అందరూ నవ్వుతారు.

చాలామంది అమ్మమ్మలు ఈ కథ ఇలాగే చెప్పారు. చాలామంది పిల్లలు ఇలాగే విన్నారు. నవ్వారు కూడా. దెబ్బ తిన్నవాళ్ళు మాత్రం ఏం నవ్వుతారు? ఆరేళ్ళ పిల్లాడు మీసం పెట్టుకుని, అక్కను కొట్టినట్టు నటిస్తాడు. ఊరంతా చప్పట్లు కొడుతుంది. అప్పుడు వాడు ఏం నేర్చుకుంటాడు? పెళ్ళాన్ని కొడితే జనం మెచ్చుకుంటారని నేర్చుకుంటాడు. అక్క కూడా ఒకటి నేర్చుకుంటుంది. అది ఇంకా చెడ్డది.

అలాగని మంచి కథను పారేయక్కర్లేదు. దెబ్బ తీసేస్తే సరిపోతుంది. ఆమె బుగ్గ ఎందుకు పొంగాలి? కోపంతో పొంగవచ్చు. అలిగినప్పుడు మూతి బిగించి బుగ్గలు పూరిస్తారు కదా. మినప్పిండితో ఆవిరి మీద ఉడికించిన కుడుము అచ్చం అలాగే ఉంటుంది. కథ చెడలేదు. నవ్వు తగ్గలేదు. పైగా బుగ్గలు పూరించడం పిల్లలకు సరదా.

ఆట ఇలా ఉంటుంది. తమ్ముడు అల్లుడు. అక్క పెళ్ళాం.

(నేల మీద ముగ్గుపిండితో రెండు గీతలు. అదే కాలవ. అల్లుడు వస్తాడు. తలపాగా, మీసం, చంకలో చిన్న మూట.)

అల్లుడు: కుడుము... కుడుము... కుడుము...

(కాలవ దగ్గర ఆగుతాడు. అటు చూస్తాడు. ఇటు చూస్తాడు. పంచె పైకి లాగుతాడు.)

అల్లుడు: ఛాంగుభళా! (దూకుతాడు.) ఛాంగుభళా... ఛాంగుభళా... ఛాంగుభళా...

(అక్క చాట పట్టుకుని బియ్యం చెరుగుతూ ఉంటుంది.)

పెళ్ళాం: వచ్చావా మావా! మా అమ్మ ఏం పెట్టింది?

అల్లుడు: ఛాంగుభళా!

పెళ్ళాం: అదేంటి? కూరా? పప్పా?

అల్లుడు: ఛాంగుభళా!

పెళ్ళాం: కాల్చాలా? వేయించాలా?

అల్లుడు: (కాలు నేలకేసి కొట్టి) ఛాంగుభళా!

పెళ్ళాం: పొద్దున్నించీ కలుపు తీసి వచ్చాను. లేని వంట ఎక్కణ్ణించి తేను?

(చాట కింద పెడుతుంది. చేతులు కట్టుకుంటుంది. బుగ్గలు పూరిస్తుంది. అల్లుడు ఆమె చుట్టూ తిరుగుతాడు. ఒక బుగ్గ చూస్తాడు. రెండో బుగ్గ చూస్తాడు. వేలితో మెల్లిగా పొడుస్తాడు. బుగ్గ "తుస్సు" మంటుంది.)

అల్లుడు: కుడుము! అదే! కుడుము!

పెళ్ళాం: ఓస్, కుడుమా! అయితే పద. పప్పు రుబ్బు.

అల్లుడు: నేనా?

పెళ్ళాం: నువ్వే. ఛాంగుభళా!

(ఆమె చెయ్యి చూపుతుంది. అల్లుడు ఎగిరి దూకి రుబ్బురోలు దగ్గర పడతాడు.)

అంతే ఆట. మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. ఆరేళ్ళ పిల్లాడికి అంతకన్నా పొడుగు వద్దు.

తమ్ముడికి ఉన్న మాటలు ఎన్ని? కుడుము, ఛాంగుభళా, "అదే", "నేనా". నాలుగు మాటలు. మిగతా కథ అంతా అక్క నడుపుతుంది. కావాలనే అలా పెట్టుకోవాలి. చిన్నవాడికి మాటలు తక్కువ, చేతలు ఎక్కువ ఇవ్వాలి. మాటలు మరిచిపోతారు. దూకడం ఎవరూ మరిచిపోరు.

తల్లి ఈ మాటలు ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. అల్లుడి మాటలు ఒక రంగు పెన్నుతో, పెళ్ళాం మాటలు ఇంకో రంగుతో రాస్తే తేలిక. తప్పులు పోయినా ఫరవాలేదు. పెద్దపిల్ల చదివి దిద్దుతుంది. ఊళ్ళో మాట్లాడే మాటే రాయాలి. మీ ఊళ్ళో "మావా" అనకపోతే "బావా" అనో, "ఏమయ్యా" అనో రాసుకోండి. పిల్లలకు రోజూ వినే మాట నోట్లో తిరుగుతుంది. పుస్తకం మాట తిరగదు.

నేర్పేటప్పుడు మొదటి రోజే మాటలు బట్టీ పట్టించకూడదు. మొదటి రాత్రి కథ చెప్పాలి. పక్కలో పడుకోబెట్టుకుని చెప్పినా సరే. రెండో రోజు పిల్లాడి చేత కథ చెప్పించాలి. వాడి సొంత మాటల్లో చెప్పనివ్వాలి. వాడు "కుడుము" బదులు "ఇడ్లీ" అన్నా నవ్వి ఊరుకోవాలి. కథ వాడికి పట్టుబడింది. అది చాలు. మూడో రోజు దూకడం మొదలుపెట్టాలి. వాకిట్లో రెండు గీతలు గీస్తే, వాడు పొద్దస్తమానం దూకుతూనే ఉంటాడు. నేర్పుతున్నామని కూడా వాడికి తెలియదు.

ఆ తర్వాత అక్కతో కలపాలి. రోజుకు పావుగంట చాలు. అన్నం తిన్నాక కాదు, నిద్ర వస్తుంది. ఆకలి మీద కూడా వద్దు, ఏడుస్తాడు. సాయంత్రం ఆడుకుని వచ్చాక మంచిది.

ఎప్పుడు మాట్లాడాలో చిన్నవాడికి ఎలా తెలుస్తుంది? అక్క మాటలో చివరి మాట పట్టుకోవాలి. "పప్పా?" అనగానే వాడు "ఛాంగుభళా" అనాలి. "వేయించాలా?" అనగానే మళ్ళీ అనాలి. ఇది నేర్పడానికి ఒక ఆట ఉంది. తల్లి బంతి విసురుతూ "పప్పా?" అంటుంది. పిల్లాడు పట్టుకుని "ఛాంగుభళా" అని తిరిగి విసురుతాడు. బంతి లేకపోతే గుడ్డ ఉండ చాలు. నాలుగు సార్లు ఆడితే మాటకు మాట అందుకోవడం వచ్చేస్తుంది.

ఇక నవ్వు ఎక్కడ పుడుతుందో తల్లికి తెలిసి ఉండాలి. కుడుము అని మూడు సార్లు అన్నాక ఛాంగుభళా వస్తుంది. చూసేవాళ్ళకు సంగతి తెలుసు. అల్లుడికి తెలియదు. పెళ్ళానికీ తెలియదు. "అయ్యో, మరిచిపోయాడ్రా!" అని జనం లోలోపల అనుకుంటారు. నవ్వు అక్కడ పుడుతుంది. అందుకని మొదట చెప్పే "కుడుము" గట్టిగా, స్పష్టంగా వినపడాలి. అది వినపడకపోతే తర్వాతి నవ్వు ఒక్కటీ రాదు. దూకడం ఎంత బాగా దూకినా వృథా.

ఇంకొక సంగతి. నవ్వించేవాడు నవ్వకూడదు. అల్లుడికి అది నిజం కష్టం. నోరూరుతోంది, పేరు గుర్తు రావడం లేదు. వాడు ఎంత కష్టపడితే జనం అంత నవ్వుతారు. పిల్లాడు తనే కిసుక్కుమంటే ఆట పలచబడుతుంది. "నవ్వొద్దు" అని చెప్తే పిల్లలకు నవ్వు ఇంకా ఎక్కువ వస్తుంది. దానికి బదులు వాడికి ఒక పని చెప్పాలి. "కుడుము పేరు గుర్తు తెచ్చుకోరా, నిజంగా ఆలోచించు" అనాలి. వాడు నుదురు ముడుస్తాడు. నవ్వు ఆగుతుంది.

అక్క అలుగుతుంది. "వాడికే చప్పట్లు, నాకేమీ లేవు" అంటుంది. ఆమెకు మాయాబజార్ సినిమా గుర్తు చేయాలి. అది 1957లో వచ్చింది. అందులో సావిత్రి మాయా శశిరేఖ. ఒక్క క్షణం పెళ్ళికూతురు, మరుక్షణం ఘటోత్కచుడు. పక్కన లక్ష్మణకుమారుడు రేలంగి. ఆయన బెదిరిపోతాడు. ఆ బెదిరేవాడు లేకపోతే జనం అంత నవ్వరు. ఇద్దరిలో ఎవరు గొప్ప అంటే చెప్పలేం. నిజానికి ఈ ఆటలో అక్క పనే కష్టం. కథ నడిపేది ఆమె. తమ్ముణ్ణి కాపాడేదీ ఆమె.

కాపాడటం అంటే ఏమిటి? తమ్ముడు జనాన్ని చూసి బిక్కచచ్చిపోవచ్చు. మాట రాకపోవచ్చు. అప్పుడు అక్క ఊరుకోకూడదు. "ఏం మావా, కాలవ దూకి వచ్చావా? దూకినప్పుడు ఏమన్నావు?" అని అడగాలి. వాడికి గుర్తొస్తుంది. జనానికి అది ఆటలో మాటే అనిపిస్తుంది. ఇలాంటి రెండు మూడు ప్రశ్నలు అక్కకు ముందే నేర్పి ఉంచాలి. తెర వెనక నుంచి తల్లి మాట అందించినా పిల్లాడికి వినపడదు. విన్నా వెనక్కి తిరిగి "ఏంటమ్మా?" అంటాడు.

జనం నవ్వుతుంటే ఆగాలి. ఇది పిల్లలకు తోచదు. నవ్వుల హోరులో తర్వాతి మాట చెప్పేస్తారు. ఎవరికీ వినపడదు. ఇంట్లో నేర్పేటప్పుడే నాయనమ్మను, పక్కింటి పిల్లలను కూర్చోబెట్టి నవ్వించాలి. నవ్వు తగ్గేదాకా ఇద్దరూ బొమ్మల్లా ఉండాలి. తగ్గాక మాట్లాడాలి. అలా నాలుగు రోజులు చేస్తే అలవాటవుతుంది.

జనం వైపు వీపు పెట్టకూడదు. ఒకరికొకరు పూర్తిగా ఎదురెదురుగా నిలబడితే సగం మందికి మొహం కనపడదు. కొంచెం ఏటవాలుగా నిలబడాలి. ఎక్కడ నిలబడాలో ముగ్గుపిండితో చుక్క పెడితే సరి. గొంతు విషయానికి వస్తే, "గట్టిగా, గట్టిగా" అని అరవక్కర్లేదు. "అదిగో, వేపచెట్టు కింద ముసలమ్మ కూర్చుంది. ఆమెకు చెప్పు" అంటే చాలు. మైకు ఉంటే అక్క దగ్గర పెట్టాలి. చిన్నవాడు దూకేవాడు, వైరు కాళ్ళకు తగులుకుంటుంది.

వేషం సంగతి. తలపాగాకు పాత తువ్వాలు చాలు. మీసం కాటుకతో దిద్దాలి. జిగురుతో అంటించే మీసం దురద పెడుతుంది, పిల్లాడు దాన్నే పీక్కుంటూ ఉంటాడు. పంచె మోకాళ్ళ దాకానే ఉండాలి. పొడుగైతే దూకేటప్పుడు పడతాడు. పడితే జనం నవ్వుతారు, కానీ దెబ్బ తగులుతుంది. వేషం అసలు రోజే మొదటిసారి వేయకూడదు. రెండు రోజుల ముందే ఒకసారి వేసి దూకించాలి.

నవ్వించడానికి కొందరు దగ్గరి దారి చూస్తారు. కుంటివాడిలా నడిపిస్తారు. నత్తిగా మాట్లాడిస్తారు. నల్లగా ఉన్న పిల్లను ఎగతాళి చేయిస్తారు. ఒక కులంవారి యాసను వెక్కిరిస్తారు. జనం నవ్వుతారు, నిజమే. కానీ ఆ జనంలోనే కుంటి పిల్ల ఉంటుంది. నత్తి పిల్లాడు ఉంటాడు. మర్నాడు బడిలో వాళ్ళ బతుకు ఎలా ఉంటుందో ఆలోచించాలి. తాగుబోతు వేషం కూడా అంతే. 1990ల మొదట్లో అక్షరాస్యత కళాజాతాలు ఊరూరా తిరిగాయి. వాటిలో పాటలూ నాటికలూ ఉండేవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువుకుంటున్న ఆడవాళ్ళు సారా మీద లేచారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా అమ్మకం నిషేధించారు. తాగుబోతు చేష్టలు ఆ ఆడవాళ్ళకు నవ్వులాట కాదు. ఆరేళ్ళ పిల్లాడు తూలుతూ వస్తే, ఇంట్లో రోజూ ఆ తూలుడు చూసేవాళ్ళకు కడుపు తరుక్కుపోతుంది. అల్లుడి మతిమరుపు అలా కాదు. మతిమరుపు అందరికీ ఉంది.

చాలా ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. జనం మొదటిసారి గొల్లున నవ్వినప్పుడు కొందరు పిల్లలు ఏడ్చేస్తారు. "నన్ను చూసి నవ్వుతున్నారు" అనుకుంటారు. బడిలో నోరు తెరవని పిల్లలకు ఈ భయం ఎక్కువ. ఎప్పుడో ఏదో తప్పు చదివితే అందరూ నవ్వి ఉంటారు. అప్పటినుంచి నోరు మూసుకుని ఉంటారు. కాబట్టి ముందే చెప్పాలి. "వాళ్ళు నిన్ను చూసి నవ్వరు. అల్లుణ్ణి చూసి నవ్వుతారు. తలపాగా తీసేస్తే అల్లుడు వెళ్ళిపోతాడు" అని చెప్పాలి. ఇంట్లో ఆట అయిపోగానే తలపాగా తీయించాలి. "అల్లుడు వెళ్ళాడు, మా బుజ్జి వచ్చాడు" అనాలి. రోజూ ఇలా చేస్తే వాడికి తేడా తెలుస్తుంది.

ఇంత చేసినా ఆ రోజు వాడు వేదిక ఎక్కనని మొండికేయవచ్చు. అప్పుడు లాగకూడదు. "ఇంత కష్టపడి నేర్పితే పరువు తీశావు" అని నలుగురిలో తిట్టకూడదు. కొట్టడం అసలే వద్దు. దెబ్బ తీసేసిన కథ నేర్పి పిల్లాడికి దెబ్బ వేస్తామా? అక్కతో ఇంకో పిల్ల ఎవరైనా ఆడతారు. వాడు తల్లి ఒళ్ళో కూర్చుని చూస్తాడు. ఇంటికి వచ్చాక వాకిట్లో తనే దూకుతాడు. వచ్చే ఏడాది ఎక్కుతాడు.

బాగా ఆడితే ఇంకో చిక్కు వస్తుంది. మర్నాటి నుంచి చుట్టాలు, ఇరుగుపొరుగు కనపడ్డప్పుడల్లా "ఏదీ, ఒకసారి ఛాంగుభళా అను" అంటారు. పదిసార్లు అన్నాక పిల్లాడికి విసుగు వస్తుంది. లేదా తలకెక్కుతుంది. బళ్ళో పాఠం మధ్యలో ఛాంగుభళా అంటాడు. తల్లి నవ్వుతూనే అడ్డుకోవాలి. "అల్లుడు ఊరెళ్ళాడు పిన్నీ, వచ్చాక చెప్తాడు" అనాలి.

నోటు పుస్తకం పారేయకూడదు. తర్వాతి పండక్కి వేషాలు మార్చవచ్చు. తమ్ముడు చీర కట్టుకుని బుగ్గలు పూరిస్తాడు. అక్క మీసం పెట్టుకుని కాలవ దూకుతుంది. అప్పుడు అక్క మాటలన్నీ తమ్ముడు నేర్చుకోవాలి. ఒకటో తరగతి దాటేసరికి ఆ పేజీ వాడే చదువుకుంటాడు.